కార్బన్ ఫోర్క్‌తో పని, 3వ భాగం: స్టెమ్ ఎత్తు మార్చడం

పోయిన భాగంలో సైకిల్ హెడ్‌సెట్ (ఫ్రేమ్‌లో ఫోర్క్ తిరగడానికి ఉండే బేరింగుల సెట్టు) విప్పి, బేరింగులు తుడిచి, గ్రీజు పెట్టాం కదా, ఈసారి స్టెమ్ ఎత్తు, అంటే హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క ఎత్తు, చూద్దాం. పని చిన్నదే, కానీ దయచేసి తొందరపడకండి. ఉక్కు అయితే వంగి ముందే చెబుతుంది, కార్బన్ అలా చెప్పదు. లోపల పొరలు దెబ్బతిన్నా పైకి బాగానే కనిపించి, ఒకరోజు ఒక్కసారిగా విరిగిపోవచ్చు. స్టీరర్ ట్యూబ్, అంటే ఫ్రేమ్‌లోంచి పైకి వచ్చే ఫోర్క్ గొట్టం, విరిగితే హ్యాండిల్ మీ చేతుల్లోనే ఉంటుంది, ముందు చక్రం మాత్రం మీ అదుపులో ఉండదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పైనున్న టాప్ క్యాప్ బోల్టు హ్యాండిల్‌ని పట్టి ఉంచదు. అది బేరింగుల్లో వదులు తీయడానికే. స్టెమ్‌ని స్టీరర్‌కి పట్టి ఉంచేవి స్టెమ్ వెనక ఉండే రెండు బోల్టులు. అందుకే విప్పేటప్పుడు టాప్ క్యాప్ ముందు, స్టెమ్ బోల్టులు తర్వాత. బిగించేటప్పుడు కూడా టాప్ క్యాపే ముందు. చక్రం నేల మీదే ఉంచండి, స్టాండుకి వేలాడదీస్తే స్టెమ్ తీయగానే ఫోర్క్ జారి కింద పడుతుంది.

స్టెమ్ తీశాక స్టీరర్‌ని తడిగుడ్డతో తుడిచి, మంచి వెలుతురులో చుట్టూ గోరుతో రాసి చూడండి. గోరు తట్టే గీత ఉంటే అక్కడితో ఆపండి, ఆ ఫోర్క్‌ని తెలిసినవాళ్లకి చూపించకుండా మళ్లీ ఎక్కొద్దు. నేను ఒక పాత సైకిల్ విప్పినప్పుడు ఎక్స్‌పాండర్ ప్లగ్ (స్టీరర్ లోపల విచ్చుకుని పట్టుకునే బిరడా) స్టెమ్ కన్నా బాగా కిందికి జారిపోయి ఉంది, స్టెమ్ అంచు ఆనేచోట ట్యూబ్ మీద సగం చుట్టూ గీత పడి ఉంది. ఆ ప్లగ్ ఉన్నది టాప్ క్యాప్‌ని లాగడానికి మాత్రమే కాదు, స్టెమ్ బయటి నుంచి నొక్కేచోట ట్యూబ్‌కి లోపలి నుంచి ఆసరా ఇవ్వడానికి కూడా. కాబట్టి అది స్టెమ్ పట్టుకునే ఎత్తులోనే ఉండాలి. లోహపు స్టీరర్లలో ఈ ప్లగ్ బదులు కొట్టే స్టార్ నట్ మాత్రం కార్బన్‌లో ఎప్పుడూ కొట్టకండి, గోడల్ని చీల్చేస్తుంది.

హ్యాండిల్ దించాలంటే స్టెమ్ కింది స్పేసర్లు (స్టీరర్‌కి తొడిగే రింగులు) తీసి పైన పెట్టండి, ట్యూబ్ కోయనక్కర్లేదు. పెంచాలంటేనే జాగ్రత్త. కింద స్పేసర్లు ఎంతవరకు పెట్టొచ్చో ఫోర్క్ తయారీదారు చెబుతారు, చాలా ఫోర్క్‌లకి అది 30 మి.మీ. దగ్గర ఉంటుంది. స్పేసర్లు పెరిగేకొద్దీ పై బేరింగ్ దగ్గర ట్యూబ్ మీద వంపు భారం పెరుగుతుంది. ఇంకా ఎత్తు కావాలంటే స్టెమ్‌ని తిరగేయండి. 100 మి.మీ. పొడవు, 6 డిగ్రీల స్టెమ్ అయితే మామూలు రోడ్ సైకిల్‌లో తిరగేస్తేనే సుమారు 20 మి.మీ. లేస్తుంది, స్టీరర్‌కి అదనపు స్పేసర్ల అవసరమే రాదు. బ్రేక్ వైర్లు సాగకుండా హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందో లేదో కూడా చూసుకోండి.

స్టెమ్ పైన 5 మి.మీ. స్పేసర్ ఒకటి ఉంచండి, అప్పుడు స్టెమ్ మొత్తం ట్యూబ్‌నే పట్టుకుంటుంది. ట్యూబ్ పైఅంచు ఆ స్పేసర్ పైఅంచు కన్నా 3 మి.మీ. కిందుండాలి, లేకపోతే టాప్ క్యాప్ ట్యూబ్‌కే తగిలి ఆగిపోతుంది, వదులు పోదు. స్టీరర్‌కి గ్రీజు రాయొద్దు.

ఇప్పుడు టాప్ క్యాప్‌ని కొద్దికొద్దిగా బిగించండి. ముందు బ్రేక్ పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హెడ్‌సెట్ దగ్గర టకటక ఉండకూడదు, హ్యాండిల్ మాత్రం తేలిగ్గా తిరగాలి. తర్వాత స్టెమ్‌ని చక్రంతో సరిచేసి, రెండు బోల్టుల్నీ మార్చి మార్చి బిగించండి. ఇక్కడ టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో కొలిచే పానా) లేకుండా చేయొద్దు, చేతి అంచనా కార్బన్ దగ్గర పనికిరాదు. స్టెమ్ మీద 6 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు) అని, ఫోర్క్‌కి 5 అని ఉంటే తక్కువదే లెక్క, 5 దాటకూడదు. ఆ టార్క్‌కి కూడా స్టెమ్ తిరుగుతుంటే ఇంకా బిగించకండి, విప్పి గ్రీజు మరకో, సైజు తేడానో ఉందేమో వెతకండి.

మొదటి రైడ్ తర్వాత బోల్టులు మళ్లీ ఒకసారి రెంచ్‌తో చూడండి. ఈ ఎత్తుతో రెండు వారాలు తొక్కండి, పైన మిగిలిన ట్యూబ్‌ని కోయడం వచ్చే భాగంలో.