స్టాట్స్ నేర్చుకోవాలా? ముందు 8 కుండీలు పెట్టండి

స్టాట్స్ అనగానే అందరూ టీ-టెస్ట్ (రెండు గ్రూపుల సగటులు పోల్చే పరీక్ష) ఫార్ములా పట్టుకుని కూర్చుంటారు, నేనూ అంతే, ఒక సెమిస్టర్ మొత్తం ఏం చేస్తున్నానో తెలీకుండానే లెక్కలు చేసేశా. ఇప్పుడెవరైనా అడిగితే ఫార్ములాలు తర్వాత, ముందో చిన్న ప్రయోగం చెయ్యమంటా.

8 కుండీలు, ఒకే రకం విత్తనం, ఒకే మట్టి. నాలుగిటికి ఎరువు, నాలుగిటికి వట్టి నీళ్లు. దేనికి ఎరువు అన్నది మీరు ఎంచుకోకండి, చీటీలు వేసి తియ్యండి, లేకపోతే తెలీకుండానే చెయ్యి బాగున్న కుండీ మీదకే పోతుంది. రాండమైజేషన్ అంటే ఇదే. సగం కిటికీ దగ్గర, సగం గోడ వైపు ఉంటే ఒక్కో వైపు విడిగా చీటీలు తీసి రెండేసి కుండీలకి ఎరువెయ్యండి, అది బ్లాకింగ్.

బ్లాకింగ్ లేకుండా చేశాం, ఎత్తులు సెంటీమీటర్లలో ఇలా వచ్చాయనుకుందాం. ఎరువేసినవి 14, 16, 17, 19. వెయ్యనివి 11, 12, 13, 15. సగటుల తేడా 3.75. ఎరువు అసలేమీ చెయ్యలేదంటే ఈ ఎత్తులు ఎలాగైనా ఇవే వచ్చేవి, ఏది ఏ గ్రూపులో పడిందన్నది చీటీల పుణ్యం. 8లోంచి 4 ఏరడానికి 70 దారులు, ఎరువేసిన నాలుగిటి ఎత్తులు కలిపితే 66, ఆ 70లో ఏరిన నాలుగిటి మొత్తం 66 గానీ ఆపైన గానీ వచ్చేవి రెండే రెండు, నమ్మకపోతే కాగితం మీద రాసి చూస్కోండి. 2/70, అంటే 0.029. అదే మీ పి-వాల్యూ, అంటే ఎరువు ఏమీ చెయ్యకపోయినా ఇంత తేడా గానీ ఇంకా ఎక్కువ గానీ రావడానికి ఛాన్స్. "ఎరువు పనిచెయ్యకపోవడానికి ఛాన్స్ 2.9 శాతం" అని మాత్రం చదవకండి, ఎరువు పనిచెయ్యదు అనుకునే కదా లెక్క మొదలెట్టాం.

ఎరువు వల్ల ఎత్తు తగ్గినా మనకి ముఖ్యమే అనుకుంటే రెండో వైపూ లెక్కేయాలి, 4/70, 0.057. పి-వాల్యూ 0.05 కంటే తక్కువైతేనే తేడా ఉందని లెక్కలోకి తీసుకోవడం అలవాటు, అందరూ వాడే ఆ గీతకి ఒకటి ఇటు, ఒకటి అటు! అందుకే ఒకవైపా రెండువైపులా అన్నది కొలవకముందే రాసి పెట్టుకోండి.

స్టాటిస్టీషియన్ ఫిషర్ చెప్పిన టీ కప్పుల ప్రయోగంలోనూ ఇదే 70. కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంది. 8 కప్పులు, నాలుగిట్లో పాలు ముందు, నాలుగిట్లో టీ ముందు పోశారు, ఆ నాలుగూ ఏవో గుడ్డిగా చెప్తే అన్నీ కరెక్టయ్యే ఛాన్స్ 70లో 1.

ఇంకోటి, కుండీకి 10 ఆకులు కొలిచి శాంపిల్ సైజ్ 80 అని రాసేయకండి. ఎరువేసింది కుండీకి, ఆకుకి కాదు, కాబట్టి 8 మాత్రమే. నా మొదటి ప్రాజెక్టులో నేను చేసిందిదే, రిజల్ట్ ఎంత గొప్పగా వచ్చిందో చెప్పలేను, కుండీల సగటులు తీసి మళ్లీ చేస్తే ఏమీ మిగల్లేదు.

ఇవి చేశాక అదే డేటా మీద టీ-టెస్ట్ వేసి చూడండి.