ట్యాపెట్ సౌండ్ వస్తోందా? పానా పట్టేముందు చెవి పెట్టండి

కొండకు పోయే బండ్లు అలిపిరి చెకింగ్ దగ్గర వరుసలో ఆగుతాయి చూడండి, ఇంజన్‌లో ట్యాపెట్ సౌండ్ ఉందో లేదో తెలిసేది అక్కడే. రోడ్డు మీద పోయేటప్పుడు గాలి, టైర్ల రొద, లోపల పాటలు అన్నీ కలిసి దాన్ని మింగేస్తాయి. వరుసలో ఆగి అద్దం దించితే, పక్క బండికి కొట్టుకుని తిరిగి మన చెవికే వస్తుంది. టిక్ టిక్ టిక్ టిక్, కుట్టు మిషన్ మాదిరి. మా షెడ్డుకు వచ్చే డ్రైవర్లు చాలామంది "అన్నా, అలిపిరి దగ్గర విన్నా" అనే మొదలుపెడతారు.

నేను పని నేర్చుకున్నది చిత్తూరులో. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన సొంత షెడ్డు పెట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడ చెప్పబోయేది పోయిన నెల చేసిన పని. బండి ఆక్టేవియా, 1.9 టీడీఐ, 90 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. 4 సిలిండర్లు, గాలి లోపలికి, పొగ బయటికి పోయే దారులు తెరిచి మూసే 8 వాల్వులు, వాటి మీద 8 హైడ్రాలిక్ ట్యాపెట్లు. మీ బండి వేరే అయితే బోల్టుల వరుస, టార్కు (బోల్టు ఎంత బలంతో బిగించాలన్న) లెక్క మారతాయి, మీ ఇంజన్ పుస్తకం చూసుకోవాల్సిందే. క్యామ్ (తిరుగుతూ వాల్వులను నొక్కి తెరిచే షాఫ్టు) కింద గిన్నెలాంటి ట్యాపెట్ ఉన్న ఇంజన్లన్నిటికీ పద్ధతి మాత్రం ఇంచుమించు ఇదే.

మారుతి 800 రోజుల్లో వాల్వు గ్యాపు మనమే సెట్ చేసేవాళ్లం. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి, స్క్రూ తిప్పి, నట్టు బిగించేవాళ్లం. హైడ్రాలిక్ ట్యాపెట్‌కు ఆ బాధ లేదు, గ్యాపు అదే పూడ్చుకుంటుంది. చూడ్డానికి చిన్న స్టీలు గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. లోపల ఒక ప్లంజరు, దాని కింద స్ప్రింగు, మధ్యలో మిరియపు గింజంత ఉక్కు గుండు. ఇంజన్ ఆయిల్ పక్క గాడిలోంచి లోపలికి వచ్చి, గుండును దాటి అడుగున నిండుతుంది. పైనుంచి క్యామ్ నొక్కగానే గుండు దారి మూసేస్తుంది. ఆయిల్ నలగదు కదా, కాబట్టి ట్యాపెట్ మొత్తం ఒకే ఉక్కు ముక్కలా వాల్వును తోస్తుంది. క్యామ్ వదలగానే స్ప్రింగు ప్లంజర్‌ను లేపి ఎంత ఖాళీ ఉంటే అంత పూడుస్తుంది, ఆ ఖాళీలోకి మళ్లీ ఆయిల్ వచ్చేస్తుంది. ఇంత పనీ జరిగే చోట వెంట్రుక దూరే సందు కూడా ఉండదు. అక్కడికి మురికి ఆయిల్ పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సౌండ్ వచ్చిందని వెంటనే ట్యాపెట్ కవరు విప్పకండి. పొద్దున స్టార్ట్ చేయగానే నాలుగైదు సెకన్లు టిక్‌టిక్‌మని ఆగిపోతే అది జబ్బు కాదు, రాత్రి కిందికి దిగిన ఆయిల్ మళ్లీ పైకి చేరుతోంది, అంతే. ముందు డిప్ స్టిక్ చూడండి. ఆయిల్ తక్కువైనా ఇదే సౌండ్. ఎగ్జాస్ట్ మానిఫోల్డు ప్యాకింగ్ పోయినా టిక్ టిక్ వస్తుంది, కానీ ఇంజన్ వేడెక్కాక ఇనుము సాగి అది చాలావరకు తగ్గుతుంది. ట్యాపెట్ అలా సిగ్గుపడదు. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. 900 ఆర్‌పీఎం ఐడిల్‌లో ఒక్కో వాల్వు నిమిషానికి 450 సార్లు తెరుచుకుంటుంది, అంటే సెకనుకు ఏడెనిమిది టిక్‌లు. దానికి రెట్టింపు వేగంతో, బరువుగా, కింది నుంచి దబదబమంటే అది ట్యాపెట్ పని కాదు, బేరింగుల వైపు చూడాలి. పొడుగు స్క్రూడ్రైవర్ కొనను ట్యాపెట్ కవరు బోల్టు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటే ఏ సిలిండర్ అన్నది తెలిసిపోతుంది. డాక్టరు స్టెత్‌తో ఏం చేస్తాడో అదే. బెల్టు వైపు మాత్రం వంగకండి, చొక్కా, మెడలో తాయెత్తు జాగ్రత్త.

డీజిల్‌లో ఇంకో తికమక ఉంది. ఇంజెక్టర్ కొట్టే సౌండ్ కూడా ఇదే లెక్కన వస్తుంది. ఈ పాత రకం పంపు ఇంజన్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు బట్ట కప్పి కొంచెం వదులు చేస్తే, ఆ సిలిండర్ మండడం ఆగుతుంది. సౌండ్ మారితే ఇంజెక్టర్, మారకపోతే ట్యాపెట్. కామన్ రైల్ బండికి (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి భారీ ప్రెషర్‌తో డీజిల్ పోయే కొత్త రకం) ఈ ప్రయోగం చేశారో, ఆ ప్రెషర్‌కు డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. అక్కడ ఆ నట్టు ముట్టుకోనే వద్దు.

ఈ బండి చంద్రగిరి దగ్గర ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్‌ది. నెలకోసారి కొండకు, ఎప్పుడైనా చిత్తూరుకు, అంతే వాడకం. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది. "కిలోమీటర్లు తిరగలేదు కదప్పా" అన్నాడు. తిరగకపోయినా ఆయిల్ పాడవుతుంది సార్ అని చెప్పి, ముందు ఆయిల్, ఫిల్టరు మార్చి పంపించా. 5డబ్ల్యూ-40, నాలుగున్నర లీటర్ల దాకా పట్టింది. కొన్నిసార్లు అంతటితోనే ట్యాపెట్ మళ్లీ ఊపిరి పోసుకుంటుంది, మీకు ఖర్చు మిగులుతుంది. సార్‌కు ఆ అదృష్టం లేదు. రెండు వారాలు తిరిగి వచ్చినా అదే పాట.

అప్పుడు కవరు విప్పాం. క్యామ్ ముక్కు (షాఫ్టు మీద వాల్వును నొక్కే ఉబ్బు) పైకి ఉన్న ట్యాపెట్‌ను చెక్కపుల్లతో గట్టిగా కిందికి నొక్కి, క్యామ్‌కూ దానికీ మధ్య 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ పెట్టి చూస్తా నేను. గేజ్ దూరిందంటే ఆ ట్యాపెట్ పని అయిపోయినట్టే. ఇనుప స్క్రూడ్రైవర్‌తో నొక్కకండి, ముఖం మీద గీత పడితే బాగున్న ట్యాపెట్ కూడా పాడవుతుంది. మూడో సిలిండర్‌లో రెండూ మెత్తగా దిగాయి, స్పాంజి నొక్కినట్టు. మిగతావి గట్టిగానే ఉన్నాయి.

"రెండే కదప్పా పోయింది, ఎనిమిది ఎందుకు?" అని సార్ అడిగాడు. అడగాల్సిన మాటే. ఎనిమిదీ తాగింది ఒకే ఆయిల్. ఇవాళ రెండు మార్చి, ఆరు నెలలకు ఇంకొకటి పోతే బెల్టు, క్యామ్, సీలు అన్నీ మళ్లీ విప్పాలి. ట్యాపెట్ ధర కన్నా విప్పే కూలి ఎక్కువ. ఒప్పుకున్నాడు. సరుకు కోసం మా కుర్రోడిని పొద్దున బస్సులో చెన్నై జీపీ రోడ్డుకు పంపించా. పక్కనే పుదుపేటలో పాత సామాన్లు చవగ్గా దొరుకుతాయి. డోరు, లైటు లాంటివైతే నేనూ తెప్పిస్తా, ట్యాపెట్ మాత్రం పాతది కొననే కొనను. అది ఏ క్యామ్ కింద ఎలా అరిగిందో మనకేం తెలుసు.

మా షెడ్డు ముందు రోజంతా లారీలు. దుమ్ము ఎలా ఉంటుందో మీకు తెలుసు. పని మొదలుపెట్టేముందు నేల మీద నీళ్లు చల్లించా. తుడవడానికి బనియన్ వేస్ట్ వాడొద్దు, నూలు పోగులు ఊడి ఆయిల్ దారుల్లో పడతాయి. బాగా ఉతికిన పాత పంచె చించుకోండి.

ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి. బ్యాటరీ నెగిటివ్ తీసేయండి. పై కవరు, గాలి పైపు, బెల్టు పై కవరు, హెడ్డు చివర వ్యాక్యూమ్ పంపు తీయడం గురించి చెప్పేదేం లేదు, బోల్టులు విడివిడి డబ్బాల్లో వేసుకుంటే చాలు. క్రాంకు (పిస్టన్లు తిప్పే కింది షాఫ్టు) బోల్టుకు 19 సైజు సాకెట్ పెట్టి, ఇంజన్ తిరిగే వైపుకే తిప్పుతూ ఫస్ట్ సిలిండర్‌ను టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటికి, తేండి. గేర్‌బాక్స్ మీది కిటికీలోంచి ఫ్లైవీల్ గుర్తు కనబడుతుంది. క్యామ్ షాఫ్టు వెనక గాడిలో సెట్టింగ్ బారు, డీజిల్ పంపు చక్రానికి లాక్ పిన్ను పెట్టాలి. ఈ రెండూ లేకపోతే పని మొదలే పెట్టకండి. పెయింటు గుర్తులతో లాగించే వాళ్లున్నారు, నేను ఆ ధైర్యం చేయను. క్యామ్ చక్రం బోల్టు విప్పేటప్పుడు చక్రాన్ని వేరే టూల్‌తో పట్టుకోవాలి, సెట్టింగ్ బారు మీద బలం పడకూడదు. ఆ చక్రం కోను మీద కూర్చుని ఉంటుంది. బోల్టు అరచుట్టు వదులు చేసి, వెనక రంధ్రంలోంచి మెల్లగా ఒక్క దెబ్బ వేస్తే ఊడుతుంది.

బెల్టు తీశాక ఒక్క పని మరిచిపోవద్దు. క్రాంకును కొంచెం వెనక్కి తిప్పి, ఏ పిస్టనూ పైన లేకుండా చూడండి. క్యామ్ మళ్లీ బిగించేటప్పుడు వాల్వులు కిందికి దిగుతాయి, అప్పుడు వాటికి చోటు కావాలి.

క్యామ్ మీద 5 క్యాపులుంటాయి. ముందు 5, 1, 3 తీసేయాలి. తర్వాత 2, 4 క్యాపుల నట్లు అటొక అరచుట్టు, ఇటొక అరచుట్టు, మూలకు మూలగా వదులుతూ రావాలి. కింద వాల్వు స్ప్రింగులు షాఫ్టును పైకి తోస్తుంటాయి. ఒక పక్క పూర్తిగా విప్పేస్తే షాఫ్టు వంగుతుంది, ఒక్కోసారి విరిగిపోతుంది. ప్రతి క్యాపుకూ నంబరు, ముందు వెనక ఉంటాయి, తీసిన చోటికే పోవాలి.

ట్యాపెట్లు వేళ్లకు అందకపోతే అయస్కాంతంతో లేస్తాయి. మా ఇంట్లో వదిలేసిన రెండు ఇడ్లీ ప్లేట్లు, నాలుగేసి గుంటలవి, ఈ పనికే పెట్టుకున్నా. ఒకటో గుంటలో ఒకటో ట్యాపెట్, అలా ఎనిమిది. ముఖం కిందికి, నోరు పైకి ఉండేలా పెట్టాలి, లేకపోతే లోపలి ఆయిల్ కారిపోతుంది. మళ్లీ వాడాల్సి వస్తే ఏది ఎక్కడిదో అక్కడికే పోవాలి. ఇడ్లీ ప్లేటు చూసి సార్ నవ్వాడు గానీ, ఇంతకన్నా మంచి ట్రే నాకు ఏ టూల్సు షాపులోనూ దొరకలేదు.

పోయిన రెండింటిలో ఒకదాన్ని చెక్క మీద కొట్టి చూశా, లోపలి ముక్క ఊడి వచ్చింది. ప్లంజరు చుట్టూ ముదిరిన బెల్లం పాకంలా నల్లటి జిడ్డు. గోటితో గీకితే చుట్టలా లేచింది. గుండు దాని మధ్య అతుక్కుని, దారి సగం తెరిచే ఉంది. సార్‌ను పిలిచి చూపించా. ఏమీ అనలేదు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

క్యామ్ ముక్కుల మీద గోరు నడిపించండి. ఎక్కడైనా గరుకుగా తగిలినా, గుంట పడినా క్యామ్ కూడా మార్చాలి. అరిగిన క్యామ్ కింద కొత్త ట్యాపెట్ వేస్తే అదీ అరిగిపోతుంది. ఈ బండికి నున్నగానే ఉంది.

కొత్త ట్యాపెట్లకు పైన, పక్కల శుభ్రమైన ఇంజన్ ఆయిల్ రాసి దించాలి. వేలితో తోస్తే మెల్లగా జారాలి, బలవంతం అక్కర్లేదు. కొందరు వాటిని ఆయిల్‌లో ముంచి, నొక్కి నొక్కి నింపుతారు. ఈ రకానికి అది అనవసరం, పైగా కీడు. ఎందుకో ఇప్పుడే చెబుతా. ఫస్ట్ సిలిండర్ క్యామ్ ముక్కులు పైకి ఉండేలా షాఫ్టు పడుకోబెట్టి, ఈసారి ముందు 2, 4 క్యాపులు మూలకు మూలగా, తర్వాత 5, 1, 3 బిగించండి. టార్కు 20 న్యూటన్ మీటర్లు. ముందు వైపు ఆయిల్ సీలు కొత్తది వేయండి. క్యామ్ చక్రం బోల్టు 45. విప్పారు కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనరు కొత్తవే వేయించండి. ఆ లాకింగ్, టెన్షన్ సెట్టింగ్ పెద్ద కథ, అది ఇంకోసారి.

ఇక అసలు సంగతి. క్యామ్ బిగించాక కనీసం అరగంట ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. క్యామ్ నొక్కినచోట ట్యాపెట్ లోపలి ఆయిల్ మెల్లమెల్లగా బయటికి జారాలి. అది జరిగేదాకా ట్యాపెట్ తన కొలత కన్నా పొడుగ్గా నిలబడి వాల్వును తెరిచే ఉంచుతుంది. అప్పుడు ఇంజన్ తిప్పితే పిస్టన్ వచ్చి వాల్వును గుద్దుతుంది.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. షెడ్డు పెట్టిన కొత్తలో, దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం బండి. సాయంత్రంలోగా కొండ మీద ఉండాలని వాళ్లు గడియారం చూసుకుంటున్నారు, వాళ్ల టెన్షన్ నాకు అంటుకుంది. చివరి బోల్టు బిగించి పది నిమిషాలకే తాళం తిప్పా. చిన్న చప్పుడు, గాజు గ్లాసు అంచు తగిలినట్టు. తర్వాత ఇంజన్ మూడు కాళ్ల మీద కుంటింది. హెడ్డు దించితే రెండు వాల్వులు వంగి ఉన్నాయి. వాళ్లను వేరే బండిలో కొండకు పంపి, వాల్వుల ఖర్చు నేనే పెట్టుకున్నా. అప్పటినుంచి అరగంట అన్నచోట గంట ఆగుతా. కుర్రోళ్లు టీకి పోతారు, తాళం చెవి నా జేబులో ఉంటుంది.

గంట తర్వాత సాకెట్ పెట్టి క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. గట్టిగా తగిలి ఆగితే పొడుగు పైపు వేసి లాగొద్దు, ఆపి ఎక్కడ తప్పు జరిగిందో వెతకండి. సాఫీగా తిరిగితే సెట్టింగ్ బారు, పిన్ను మళ్లీ సరిగ్గా కూర్చుంటున్నాయా చూసి, కవరు ప్యాకింగ్ వేసి మూసేయండి.

స్టార్ట్ చేయగానే ముందుకన్నా ఎక్కువ సౌండ్ వస్తుంది, కంగారు పడొద్దు. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగేదాకా నడిపించి, 2500 ఆర్‌పీఎంలో రెండు నిమిషాలు పట్టండి. ఈ బండికి ఫ్యాను తిరిగేలోపే ఎనిమిదిలో ఏడు సర్దుకున్నాయి, ఆఖరుది 2500లో సద్దుమణిగింది. అప్పటికీ కొడుతుంటే ఆ ట్యాపెట్‌కు ఆయిల్ అందుతోందా, హెడ్డులో దారి మూసుకుపోయిందా చూడాలి.

తర్వాతి వారం కొండ మీది నుంచి సార్ ఫోన్ చేశాడు. "అలిపిరి దగ్గర అద్దం దించి విన్నానప్పా. టిక్ టిక్ వస్తానే ఉండాది. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే పక్క బండిది."