తొలిసారి ఏఏ సమావేశానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

కొత్త సంవత్సరం నుంచి తాగుడు మానేస్తామని నిశ్చయించుకుని, ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ – తాగుడు మానడానికి ఒకరికొకరు తోడ్పడేవారి బృందం) సమావేశానికి వెళ్లాలనుకునేవారు ముందుగా ఇవి చూసుకోవాలి.

– ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నవారు డాక్టరును కలవకుండా ఒక్కసారిగా మానకూడదు. చేతుల వణుకు, చెమటలతో మొదలైనది రెండు మూడు రోజుల్లో మూర్ఛకు, మతిభ్రమకు దారితీసి ప్రాణం మీదికి తేవచ్చు. సమావేశం ధైర్యాన్నిస్తుంది గానీ వైద్యం చేయదు. దగ్గరలోని చికిత్సా కేంద్రం తెలియకపోతే వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు.

– తాగుడు మాన్పిస్తాయంటూ కూరలో రహస్యంగా కలిపే మందులను ఇంటివారు నమ్మకూడదు. వాటిలో డైసల్ఫిరామ్ (మద్యం పడకుండా చేసే మందు) ఉంటే, పైన మద్యం పడినప్పుడు రక్తపోటు పడిపోయే ప్రమాదముంది.

– సమావేశం ఓపెనా, క్లోజ్డా అని ముందే అడగాలి. క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవారికే ప్రవేశం కనుక, తోడు వచ్చిన భార్య గుమ్మం బయటే కూర్చోవలసి వస్తుంది. కుటుంబసభ్యులకు అల్-అనాన్ అనే బృందం వేరుగా ఉంది.

– ప్రవేశ రుసుము అడిగితే అది ఏఏ కాదు. చందా ఇవ్వడం సభ్యుల ఇష్టం.

– తెలుగులో జరుగుతుందో లేదో కనుక్కోవాలి. అర్థంకాని భాషలో గంటసేపు కూర్చున్నవారు రెండోసారి రారు.

– అక్కడ విన్న పేర్లను బయట చెప్పకూడదు. చిన్న ఊళ్లలో ఒక్క మాటతో ఉద్యోగాలు, సంబంధాలు చెడతాయి.