మాటల్లేని పాట వినడం – 3వ పాఠం: పొరలు లెక్కపెట్టడం

పోయిన పాఠంలో వాయిద్యాలను విడివిడిగా గుర్తుపట్టడం చూశాం. ఈసారి పోస్ట్-రాక్‌కి (గిటార్లు, డ్రమ్స్ లాంటి రాక్ వాయిద్యాలతోనే, ఎక్కువగా పాట పాడకుండా సాగే సంగీతానికి) ప్రాణం లాంటిది: గుసగుసలా మొదలై ఉప్పెనలా లేవడం. టెక్సస్ బృందం ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ద స్కై 2003లో తెచ్చిన 'ది ఎర్త్ ఈజ్ నాట్ ఎ కోల్డ్ డెడ్ ప్లేస్' తీసుకోండి. ఐదే ట్రాకులు, దాదాపు 45 నిమిషాలు, పాడే గొంతు లేదు.

ముందు వాల్యూమ్. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఆర్కే బీచ్‌లో కూర్చుని ఇయర్‌బడ్స్ పెట్టుకోవాలనిపిస్తుంది గానీ, మొదట్లోని సన్నని గిటార్‌ని అలల హోరు మింగేస్తుంది. వినబడాలని సౌండు పెంచుతారు. పాట లేచేసరికి చెవులు అదిరి తగ్గిస్తారు. పెరగాల్సిన చోట తగ్గించాక ఇంక మిగిలేదేముంది? అందుకే రాత్రిపూట, ఇంట్లో వినండి. ఫ్యాన్ ఒకటో నంబరులో చాలు (విశాఖ ఉక్కపోతలో పూర్తిగా ఆపమనే ధైర్యం మాకు లేదు). ట్రాకులో అన్నిటికన్నా గట్టిగా మోగే చోటికి జరిపి, అక్కడ హాయిగా ఉండేంత సౌండు పెట్టుకుని, మళ్లీ మొదటికి రండి. ఆ తర్వాత బటన్ ముట్టుకోవద్దు. షఫుల్ ఆపండి. యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఉంటే సున్నా చేయండి, లేకపోతే ఒక ట్రాకు తోక మీద ఇంకోదాని తల ఎక్కుతుంది.

మొదటి ట్రాకు తొమ్మిదిన్నర నిమిషాలు. కాగితం మీద అడ్డగీత గీసి నిమిషానికో గడి పెట్టుకోండి. గిటార్ మీద ఒకే స్వరం మోగుతుంటుంది, దాని కింద బేస్ డ్రమ్ గుండె కొట్టుకున్నట్టు వస్తుంది. కొత్త పొర, అంటే కొత్త వాయిద్యమో కొత్త వరసో, చేరితే గీత పైన గుర్తు, తప్పుకుంటే కింద గుర్తు. సౌండు పెరిగిందని గుర్తు పెట్టకండి. ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారన్నదే కావాలి.

రాగాలాపనకు అలవాటుపడ్డ చెవికి ఇక్కడో తికమక. ఆలాపనకీ మాటల్లేవు, కానీ అక్కడ స్వరం మెట్టు మెట్టుగా పై షడ్జానికి ఎక్కుతుంది. ఇక్కడ అదే పలుకు తిరిగి తిరిగి వస్తుంది. "వాయించిందే వాయిస్తున్నాడేంటి" అనిపిస్తుంది. మారేది దాని చుట్టూ ఉన్నది. రెండో గిటార్ జవాబిస్తుంది, డ్రమ్స్ టామ్‌ల (గుమ్మని మోగే డ్రమ్ముల) నుంచి స్నేర్‌కి (చురుగ్గా మోగే డ్రమ్ముకి), అక్కణ్నుంచి సింబల్స్‌కి (ఇత్తడి పళ్లేలకి) పోతాయి. ఒకే తీగని పిక్‌తో కిందకీ పైకీ గబగబా మీటితే (ట్రెమలో పికింగ్) స్వరాలు చినుకుల్లా కాక జల్లులా వినిపిస్తాయి.

గిటార్ ఉన్నవాళ్లు డిలే పెడల్‌తో (వాయించినదాన్ని కాస్త ఆగి ప్రతిధ్వనిలా తిరిగి వినిపించే పరికరంతో) సరిచూసుకోండి. టెంపో 100 (నిమిషానికి 100 బీట్లు) అయితే నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లని 100తో భాగించండి: 600 మిల్లీసెకన్లు. డిలే అంత పెడితే ప్రతిధ్వని సరిగ్గా బీట్ మీద పడుతుంది. అందులో ముప్పావు, అంటే 450 పెడితే బీట్ల మధ్య ఖాళీలో పడి, ఒక గిటార్ రెండులా మోగుతుంది. లెక్క లేకుండా 520 పెడితే డ్రమ్స్‌తో కొట్టుకుని అంతా బురదే. ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని ఎన్నిసార్లు రావాలో చెప్పే మీట) మూడు నాలుగు సార్లు వినిపించేంత చాలు.

రేపు అదే ట్రాకు మళ్లీ వినండి. ఒళ్లు జలదరించిన చోట చుక్క పెట్టి, దానికి ముందు గడి చూడండి. ఉప్పెనకు ముందు ఏదో ఒకటి తప్పుకోవడం ఈ సంగీతంలో మామూలే, కాబట్టి గీత కింద గుర్తు కోసం ముందు వెతకండి.