తీరని ఒత్తిడికి ఆక్యుపంక్చర్, నిద్ర: రెండూ కలిసి పనిచేయాలంటే ఎలా?

ఆక్యుపంక్చర్ సూదులు పెట్టించుకున్నా ఒత్తిడి తగ్గలేదనేవాళ్లను అడిగి చూడండి. సాయంత్రం సూదులు, రాత్రి ఒంటిగంట దాకా ఫోను, ఆదివారం పదింటికి నిద్ర లేవడం. సూది ఒంటి బిగువును కాసేపు వదులు చేయొచ్చు. ఆ రాత్రే నిద్ర కుదిరితేనే దానికి ఫలితం.

గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే ముందు డాక్టరుకు చూపించండి. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే ఇవాళే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

సూదుల సంగతి తేలికే. వారానికి ఒకటి రెండు చొప్పున ఆరు సిట్టింగులు చాలు, తేడా ఉందో లేదో తెలుస్తుంది. మన ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది కాబట్టి శిక్షణ పొందినవారినే ఎంచుకోండి. సీలు ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పాలి, ఒకసారి వాడిన సూది మళ్లీ వాడకూడదు. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతాయి, గంట ముందు రెండు ఇడ్లీలైనా తినండి. గర్భం, రక్తం పలచబడే మందులు, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. సూది దిగినచోట బరువుగా, మొద్దుగా అనిపించడం మామూలే. చురుక్కుమని పొడుస్తూనే ఉంటే వెంటనే చెప్పండి. ఆన్‌లైన్లో సూదులు కొని ఇంట్లో పొడుచుకోవద్దు. భుజం మీదో ఛాతీ దగ్గరో లోతు తప్పితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు.

సిట్టింగ్ సాయంత్రం ఐదారింటికే పెట్టుకోండి. అరగంట పడుకుని లేచాక మత్తుగా ఉంటుంది. పది నిమిషాలు కూర్చున్నాకే బయటికి రండి. ఆ స్థితిలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండి నడపడం ప్రమాదం, మెట్రోలోనో ఆటోలోనో ఇంటికి చేరండి. దారిలో కునుకు తీశారా, రాత్రి నిద్ర చెడినట్టే.

సిట్టింగ్ లేని రోజుల్లో మీరే నొక్కుకోవచ్చు. చిటికెన వేలికి సూటిగా, అరచేయి మొదట్లో శనగగింజంత ఎముక తగులుతుంది. దాన్ని ఆనుకుని లోపలివైపు, మణికట్టు మడత మీద చిన్న గుంట ఉంటుంది. ఆక్యుపంక్చర్‌లో ఆ చోటి పేరు షెన్‌మెన్. బొటనవేలితో ఒక్కో చేతికి రెండు నిమిషాలు, నొప్పి పుట్టకుండా నొక్కండి.

ఇక నిద్ర. మధ్యాహ్నం రెండు దాటాక ఇరానీ చాయ్ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాతా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి పదిన్నరకు బిర్యానీ తింటే గుండెల్లో మంటతో మెలకువ వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడి కక్కుతుంది కాబట్టి పడుకోవడానికి గంట ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి.

అందరూ పాడుచేసేది లేచే వేళ. తొందరగా పడుకోవాలని తొమ్మిదింటికే మంచమెక్కి పదకొండు దాకా దొర్లుతారు. అలా చేస్తే మంచం చూడగానే మెదడు ఆలోచనలకు సిద్ధమవుతుంది. పడుకునే వేళను బలవంతం చేయలేం, లేచే వేళ మాత్రం మన చేతుల్లో ఉంది. ఆరు అనుకుంటే పండగైనా, ఆదివారమైనా ఆరే. లేవగానే డాబా మీద పావుగంట ఎండలో నిలబడండి, ఒంటి గడియారం ఆ వెలుతురుతోనే సర్దుకుంటుంది.

రెప్పలు బరువెక్కితేనే పడుకోండి. అలసట వేరు, నిద్రమత్తు వేరు. చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నారంటే అదీ మత్తు. పడుకుని సుమారు ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగండి. గడియారం చూడొద్దు, అందాజుగా చాలు. ఒకే గది ఇల్లయితే మూల కుర్చీ వేసుకోండి. చిన్న దీపం వెలుగులో ఉతికిన బట్టలు మడతపెట్టండి. ఫోన్ ముట్టుకోవద్దు, అలారానికి వేరే గడియారం పెట్టుకోవాల్సిందే. రెప్పలు వాలితే మళ్లీ మంచం మీదికి. మొదటి రాత్రుల్లో ఇలా మూడు నాలుగుసార్లు లేవాల్సి రావచ్చు. అయినా ఆరింటికి లేవాలి.

నాలుగో రోజు మధ్యాహ్నం కళ్లు మూతలు పడతాయి, చాలామంది అక్కడే ఓడిపోయి రెండు గంటలు పడుకుంటారు. ఆ నిద్రలేమే రాత్రికి పెట్టుబడి, దాన్ని పగలే ఖర్చు చేయొద్దు. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్లు, లారీలు, యంత్రాలు నడిపేవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఈ నిద్ర పద్ధతి మొదలుపెట్టకూడదు.

గచ్చిబౌలి నైట్ షిఫ్టులవాళ్లకూ ఇదే పద్ధతి. మధ్యాహ్నం పన్నెండింటికి లేవాలనుకుంటే సెలవు రోజూ దాదాపు అదే వేళ, కిటికీలకు మందపాటి నల్ల కర్టెన్లు.

లేచిన వేళ, మంచం దిగిన సార్లు ఒక నోటుబుక్కులో రాసి ప్రతి సిట్టింగులో చూపించండి. వేళ తప్పకుండా ఆరు సిట్టింగులయ్యాక కూడా మార్పు లేకపోతే సూదులకు డబ్బు పెట్టడం ఆపి, సైకియాట్రిస్టును కలిసి నిద్రలేమికి సీబీటీ-ఐ (ఆలోచనలు, అలవాట్లు మార్చి నిద్ర బాగుచేసే మాటల చికిత్స) గురించి అడగండి.