చర్మానికి వచ్చే అరుదైన తీవ్ర లింఫోమా: ముక్క పరీక్ష నుండి చికిత్స దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మానని పుండుతో వచ్చిన రోగిని చూడగానే కుష్ఠు, క్షయ, సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరలకు సోకే బాక్టీరియా వాపు) గుర్తుకు రావడం సహజం. చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా. అయితే యాంటీబయాటిక్‌కు లొంగకుండా, వారాల్లోనే పెరిగి, నడుమ నల్లబడి పగిలే గడ్డలకు జ్వరమూ బరువు తగ్గడమూ తోడైతే తీవ్ర లింఫోమాను (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్‌ను) అనుమానించాలి.

అనుమానం కలిగిన తరువాత, పరీక్షకు చర్మపు ముక్క (బయాప్సీ) తీసేవరకు, అత్యవసరమైతే తప్ప స్టెరాయిడ్ ఇవ్వరాదు. అది లింఫోమా కణాలను తాత్కాలికంగా అణచి, నివేదికను తేలనీయదు. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న పూతమందులు, ఊళ్లో వేయించుకున్న సూదుల గురించి రోగిని తప్పక అడగాలి.

ఫలితమంతా ముక్క తీసే తీరు మీదనే ఆధారపడి ఉంటుంది. ఈ తీవ్ర రకాల్లో ఒకటైన గామా-డెల్టా టి-కణ లింఫోమా తరచుగా చర్మం కింది కొవ్వులో ఉంటుంది గనుక, పైపై ముక్కతో సరిపెట్టక, కుళ్లిన నడిభాగాన్ని వదిలి, కొవ్వు పొర కూడా వచ్చేలా లోతుగా కోసి తీయాలి. ఒక భాగాన్ని ఫార్మలిన్‌లో, మరొక భాగాన్ని క్షయ, ఫంగస్ కల్చర్ కోసం సెలైన్‌లో పంపాలి. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో (కణాల గుర్తులను రంగులతో పట్టే పరీక్షలో) సిడి3, సిడి4, సిడి8, సిడి20, సిడి30, సిడి56 అనే గుర్తులతో పాటు టిసిఆర్ (టి-కణ గ్రాహకం) రంగులు, ఎప్‌స్టీన్-బార్ వైరస్ కోసం ఈబర్ పరీక్ష అవసరం. ఆ వసతి లేనిచోట పారఫిన్ బ్లాకును (మైనంలో పొదిగిన ముక్కను), మచ్చల ఫొటోలతో సహా, హైదరాబాదులోని నిమ్స్ వంటి సంస్థకు పంపడం మేలు. ఫొటోలు అలంకారం కోసం కాదు: తనంతట తానే వచ్చిపోయే లింఫోమటాయిడ్ పాప్యులోసిస్ సూక్ష్మదర్శినిలో భయంకరంగానే కనిపిస్తుంది, మచ్చల తీరు చూస్తేనే తేడా తెలుస్తుంది; దానికి తీవ్రమైన కీమోథెరపీ ఇవ్వడం అన్యాయం.

వ్యాధి వ్యాప్తి తెలియడానికి పెట్-సిటి స్కాన్, ఎల్‌డిహెచ్ రక్తపరీక్ష, అవసరాన్ని బట్టి మూలుగ పరీక్ష చేయించాలి. ప్లేట్‌లెట్లు పడిపోతూ ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రోటీన్) విపరీతంగా పెరిగితే హీమోఫాగోసైటిక్ సిండ్రోమ్‌గా (రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత రక్తకణాలనే మింగే ప్రమాదకర స్థితిగా) అనుమానించి, అదే రోజు పెద్ద ఆసుపత్రికి తరలించాలి.

చికిత్స లింఫోమా రకాన్ని బట్టి మారుతుంది. వృద్ధుల కాళ్లపై ఎక్కువగా కనిపించే పెద్ద బి-కణ లింఫోమాకు సాధారణంగా ఆర్-చాప్ (చాప్ అనే కీమోథెరపీ మందుల కలయికకు రిటుక్సిమాబ్ జోడించినది) ఇస్తారు, తగినవారికి రేడియేషన్ జోడిస్తారు; రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. ఎన్‌కె/టి-కణ లింఫోమాకు చాప్ చాలదు, ఆస్పరాజినేజ్ అనే ఎంజైము మందు కలిసిన మందులే కావాలి. గామా-డెల్టా రకం కీమోథెరపీకి తగ్గినా త్వరగా తిరగబెడుతుంది కాబట్టి, తట్టుకోగల రోగికి దాత మూలకణ మార్పిడి చేసే ఉద్దేశంతో, తోబుట్టువుల హెచ్‌ఎల్‌ఏ పరీక్షను (దాత కణజాలం రోగికి సరిపోతుందో చూసేది) మొదటి విడత కీమో నాటికే మొదలుపెట్టాలి.