రిగ్ మార్చినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి సెట్ చేయక్కర్లేదు

రిమోట్‌తో నడిపే ఇంటర్నేషనల్ వన్ మీటర్ మోడల్ తెరచాప రేసింగ్ పడవలకి రూల్ ప్రకారం ఎ, బి, సి అని మూడు రిగ్గులు (మాస్ట్ అనే స్తంభం, దాని తెరచాపలు కలిపి ఒక సెట్టు; ఎ కన్నా బి, బి కన్నా సి చిన్నవి) ఉంటాయి కదా, గాలి పెరిగి ఎ తీసి బి పెట్టగానే బ్యాక్‌స్టే (మాస్ట్ కొన నుంచి పడవ వెనక్కి కట్టే తాడు) టెన్షన్ మళ్లీ వెతుక్కోవడం, ఈలోగా స్టార్ట్ సమయం అయిపోవడం.

ఇంట్లోనే తీరిగ్గా ఒక్కో రిగ్గూ బిగించి, మాస్ట్ వంపు మీకు నచ్చినట్టు కుదిరాక, బ్యాక్‌స్టే తాడు మీద బోసీ (తాడు బిగించడానికి, వదులు చేయడానికి జరిపే చిన్న రంధ్రాల ముక్క) ఆగిన చోట పర్మనెంట్ మార్కర్‌తో సన్నగా గీత పెట్టండి. గాలి ఎక్కువైతే ఇంకాస్త బిగించాలి కాబట్టి 5 మిల్లీమీటర్ల అవతల వేరే రంగుతో రెండో గీత. ఒడ్డున బోసీని గీత దాకా జరిపితే చాలు, నాకు ఇప్పుడు రెండు నిమిషాలు కూడా పట్టడం లేదు.

కొత్త తాడుకి మాత్రం వెంటనే గీయకండి, సాగుతుంది. 2 కిలోల బరువు కట్టి ఒక రాత్రి వేలాడదీశాకే గీయాలి. మాస్ట్ అడుగుని ముందుకో వెనక్కో జరిపితే పాత గీతలు పనికిరావు, మళ్లీ పెట్టుకోవాల్సిందే.